హైదరాబాద్‌కి ప్లానింగ్ లేదన్నదెవరు?

సముద్రం గానీ పెద్ద నది గానీ లేని చోట హైదరాబాద్ ఎందుకు కట్టారు, ఇంత అడ్డదిడ్డంగా ఎందుకు పెరిగింది అని ఒకరు అడిగారు. మొదటి దానికి జవాబు తేలికే. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్లు చాలలేదు. మూసీ అవతల ఖాళీ నేల ఉంది, మచిలీపట్నం రేవుకు పోయే దారి ఉంది. మూసీ మీద పురానాపూల్ వంతెన 1578లోనే కట్టేశారు, ఊరికి పునాది 1591లో పడింది. అంటే ముందు వంతెన, ఆ తర్వాతే ఊరు. నన్నడిగితే కులీ కుతుబ్ షా చోటు వెతకనేలేదు, బండ్లు తిరిగే చోట చార్మినార్ నిలబెట్టాడంతే.

అడ్డదిడ్డం అంటే మాత్రం ఒప్పుకోను. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు గీసి కట్టిన ఊరది. తర్వాత 1806లో ఇంగ్లీషు పటాలాల కోసం హుస్సేన్ సాగర్ అవతల సికింద్రాబాద్ వెలిసింది. 1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ వచ్చి అందరినీ పడమటికి లాగింది. ఎవరి అవసరానికి వాళ్లు ఒక ఊరు తెచ్చి అతికించారు, ట్రాఫిక్ మన నెత్తిన పడింది.

వీటన్నిటికంటే పక్కాగా ప్లాన్ చేసింది చెరువులను. ఈ రాళ్ల నేల మీద పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకి, అది నిండితే ఇంకో కుంటకి, చివరికి మూసీకి. 2020 అక్టోబర్ 13 రాత్రి ఆ నీళ్లు మా ఇంట్లోంచే వెళ్లాయి.

అప్పుడు పాతబస్తీకి దక్షిణాన ఒక కాలనీలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. నీళ్లు గేటు దాటి వస్తాయని గుమ్మానికి ఇసక బస్తాలు అడ్డం పెట్టాం. అవేమో బాత్రూం జాలీలోంచి బుడబుడమంటూ పైకొచ్చాయి, నల్లగా, కంపుకొడుతూ. కాసేపటికి మంచం కోళ్లు మునిగాయి. ఖాళీ గ్యాస్ సిలిండర్ వంటింట్లోంచి తేలుకుంటూ హాల్లోకొచ్చి బీరువాకి ఠంగుఠంగున కొట్టుకుంటోంది. అత్తమ్మ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేసింది. మేడ మీంచి చూస్తే వీధి వీధంతా ఒకే వైపు పారుతోంది. పక్కింటి పెద్దాయన తాపీగా, "ఇది అలుగు బాట బిడ్డా, మేం బర్రెల్ని తోలుకపోయేటోళ్లం ఇక్కడికెల్లి" అన్నాడు.

ఈ ముక్క బ్రోకర్‌కి తెలీదా? నెల అద్దె కమీషన్ పుచ్చుకున్నాడు, నీళ్ల గురించి అడిగితే "ఇరవైనాలుగ్గంటలూ బోరు సార్" అన్నాడు.

1908లో మూసీ పొంగి వేలమంది పోయాక నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను పైనే ఆపాలని 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టించారు. ఇప్పుడు ప్రతి వానకీ నాలాలు కొలుస్తారు, ఎండ కాయగానే టేపు చుట్టేస్తారు.

కాబట్టి ఇల్లు చూసుకునేవాళ్లు వాస్తు తర్వాత చూడండి. పైన ఏ చెరువుంది, దాని అలుగు ఎటుందో ముందు అడగండి, అదీ బ్రోకర్ని కాదు. మా ఓనరు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటు ఖర్చు పట్టుకునే ఇచ్చాడు. గోడల మీద ఆ మరకలు మేం చేసినవట.