మెడ దగ్గర లైన్‌కి ఫంగస్ ఎలా పట్టింది డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 61 ఏళ్లు, షుగర్ ఉంది. పేగుకి చిల్లు పడిందని ఎమర్జెన్సీగా ఆపరేషన్ చేశారు, తర్వాత ఐసీయూలో మెడ దగ్గర నరంలోకి పైపు, అదే పెద్ద లైన్ అంటారు, అది వేసి అందులోంచే యాంటీబయాటిక్స్, తెల్లగా పాలలా ఉండే ఫుడ్డు ఎక్కించారు. 12వ రోజు ఒళ్లంతా వణుకుతూ చలిజ్వరం వచ్చింది, రెండ్రోజులకి రక్తంలో ఫంగస్ ఉందన్నారు, శుభ్రంగా పనిచేస్తున్న లైన్ పీకేసి ఇంకోచోట వేశారు, కళ్ల డాక్టర్ని కూడా పిలిపించారు. అంత పవర్‌ఫుల్ మందులు పడుతుంటే ఫంగస్ ఎలా వస్తుందండీ? ఇదంతా బిల్లు పెంచడానికేనా? జ్వరం తగ్గిందిగా ఇంటికి తీసుకెళ్లిపోదాం అంటున్నాడు మా తమ్ముడు.

జవాబు: ముందు మీ తమ్ముడి మాటకి చెప్తాను, దయచేసి ఇప్పుడే తీసుకెళ్లకండి. జ్వరం తగ్గడం మంచిదే, కానీ రక్తంలో కాండిడా అనే ఈ ఫంగస్ వచ్చినప్పుడు మందు ఎన్నాళ్లు వాడాలనేది జ్వరం ఒక్కదాన్నే చూసి తేల్చరు. మళ్లీ మళ్లీ రక్తం తీసి కల్చర్ పెడతారు, అంటే ల్యాబ్‌లో అందులోంచి ఫంగస్ పెరుగుతుందేమో చూస్తారు, ఏ రోజు తీసిన రక్తంలో ఫంగస్ పెరగలేదో ఆ రోజు నుంచి కనీసం 14 రోజులు లెక్క, అదీ కంటికో గుండెకో పాకకుండా ఉంటేనే. కళ్ల డాక్టర్ వచ్చింది అందుకే. రక్తంలో తిరిగే ఫంగస్ కంటి లోపలి పొర మీద కూర్చుంటే మొదట్లో పేషెంటుకి ఏమీ తెలియకపోవచ్చు, ఆలస్యమైతే చూపే పోతుంది. కాబట్టి అది బిల్లు కోసం కాదండీ, ఆయన్ని పిలవకపోతేనే నేను అడిగేవాణ్ణి.

యాంటీబయాటిక్స్ చంపేది బాక్టీరియాని, ఫంగస్ జోలికి పోవు. కాండిడా మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద మామూలుగానే కొద్దికొద్దిగా ఉంటుంది, పక్కనున్న బాక్టీరియా దాన్ని ఎక్కువ పెరగనివ్వదు. పది రోజులు గట్టి యాంటీబయాటిక్స్ పడేసరికి ఆ బాక్టీరియా పోయి దీనికి అడ్డు లేకుండా పోతుంది, పైగా మీ అమ్మగారికి పేగు చిల్లు, షుగర్, నరంలోకి ఎక్కే ఫుడ్డు, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి.

ఇక లైన్ సంగతి. ఇంట్లో నీళ్ల ట్యాంకు పైపు లోపల వేలు పెట్టి చూడండి, జారుడుగా పాచి తగులుతుంది, ఎన్ని నీళ్లు పారినా అది పోదు. లైన్ గోడకి ఫంగస్ కూడా అలాంటి పొరే కట్టుకుంటుంది, బయోఫిల్మ్ అంటాం. రక్తంలో తిరిగే ఫంగస్‌ని చంపే మోతాదు ఆ పొర లోపల దాక్కున్నదాన్ని చంపలేదు, ముఖ్యంగా ఫ్లూకొనజోల్ లాంటి ఫంగస్ మందులు దాని ముందు బాగా తేలిపోతాయి. లైన్ అలాగే ఉంచి మందులు ఎక్కిస్తే రోజూ అందులోంచి కొంత ఫంగస్ రక్తంలోకి రాలుతూనే ఉంటుంది. సెలైన్ బాగా దిగుతోంది కదా అంటారు, పాచి పట్టిన పైపులోంచి కూడా నీళ్లు వస్తాయి కదండీ. నా లెక్కలో లైన్ తీయడమే సగం వైద్యం, మిగతా సగం కాస్పోఫంగిన్, మైకాఫంగిన్ లాంటి ఇంజెక్షన్లు, అవి ఖరీదే కానీ ఇలాంటి కేసుల్లో మొదట వాడాల్సినవి అవే.

తీసిన లైన్ చివర 5 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి ల్యాబ్‌కి పంపిస్తారు, అక్కడ దాన్ని బ్లడ్ అగార్ ప్లేటు, అంటే క్రిములు పెరగడానికి రక్తం కలిపి చేసిన జెల్లీ ప్లేటు మీద అప్పడాల కర్రలా దొర్లిస్తారు. నేను పీజీ చేసేటప్పుడు మొదటిసారి చూసింది ఇంకా గుర్తుంది, ముక్క దొర్లిన దారి పొడుగునా వెన్న చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు, మూత తీస్తే పులిసిన పిండి వాసన. 15 చుక్కలు దాటితే లైన్‌కి గట్టిగా పట్టినట్టే లెక్క.

తప్పు ఎవరిదో ఇక్కడ కూర్చుని చెప్పలేనండీ, చెప్తే అది న్యాయం కాదు. పేషెంటు సొంత ఒంట్లోంచి కూడా రావచ్చు, చేతులు సరిగ్గా కడుక్కోని స్టాఫ్ ద్వారా కూడా రావచ్చు, కాండిడా పారాప్సిలోసిస్ అనే రకం ఎక్కువగా చేతుల మీదుగానే పాకుతుంది. ఏ రకమో రిపోర్టులో రాస్తారు, అడిగి చూడండి, దాని మీద ఏ మందు పనిచేస్తుందో కూడా అందులో ఉంటుంది. కొత్త లైన్ విషయంలో మాత్రం మీరు కళ్లు తెరుచుకుని ఉండాలి. మందు ఎక్కించే ముందు లైన్ మూతిని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దుతున్నారా చూడండి, రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ ఇంకా అవసరమా సార్" అని ఒక్క మాట అడగండి, మొహమాటం వద్దు. నోటితో తినగలిగిన రోజు నుంచి ఆ పాల ఫుడ్డు ఆపే సంగతి కూడా అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి చేతికి ఫిస్టులా (డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసే దారి) రెడీ అయిందని మెడలో డయాలిసిస్ పైపు తీసేశారు. దాని చివర ముక్క టెస్టుకి పంపితే కాండిడా అని వచ్చింది, కానీ జ్వరం లేదు, బానే తింటున్నారు. మందులు వాడాలా?

జవాబు: పైపుకి పట్టడం వేరు, రక్తంలోకి దిగడం వేరు. జ్వరం లేనప్పుడు అసలు ఆ ముక్కని టెస్టుకి పంపాల్సిన పనిలేదు, సరే పంపారు కాబట్టి రక్తం కల్చర్ ఒకసారి చేయించమని మీ నెఫ్రాలజిస్టుని అడగండి. అది శుభ్రంగా ఉండి మనిషి బాగుంటే మామూలుగా ఆ ఒక్క కాగితం చూసి ఫంగస్ మందు మొదలుపెట్టరు. రక్తంలో గనక ఒక్క బాటిల్‌లో కాండిడా వచ్చినా అది పొరపాటున పడిందిలే అని వదిలేయకూడదు, వెంటనే వైద్యం చేయాలి. కొన్నాళ్లపాటు చలి, వణుకు, జ్వరం, కళ్లు మసకలు ఏవైనా వస్తే డయాలిసిస్ రోజు దాకా ఆగకుండా ఈ రిపోర్టు చేత్తో పట్టుకుని వెళ్లండి.