పికప్ తొట్టికి స్ప్రే లైనింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరండి. చెరువుల దగ్గర నుంచి రొయ్యలు, చేపలు ఐసు ట్రేల్లో భీమవరం వైపు తోలుతాం. పాత పికప్పుకి కొన్నప్పుడే తొట్టిలో ఇనుప చెక్కర్ షీటు వెల్డింగ్ చేయించాం. అయినా నాలుగేళ్ళు తిరక్కుండా కింద అసలు రేకు పుచ్చి చిల్లులు పడింది. ఇప్పుడు కొత్త బండి బుక్ చేశాం. తొట్టిలో నల్లగా రబ్బరులా ఉండే పూత స్ప్రే చేయించుకోమని ఒకాయన, అదంతా దండగ మళ్ళీ షీటే వేయించమని ఇంకొకాయన. ఏది చేయించమంటారు?

జవాబు: స్ప్రే చేయించండి. అదీ మొదటి లోడు ఎక్కకముందే చేయించండి. బండి ఇంటికొచ్చాక పూజ చేయించి, నాలుగు ట్రిప్పులు తిప్పి, అప్పుడు తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే సగం ప్రయోజనం అక్కడే పోతుంది. ఎందుకో చెబుతాను.

ముందు షీటు సంగతి. మీ పాత బండి రేకు పుచ్చడానికి ఆ షీటే కారణం. వెల్డింగ్ చుక్క పెట్టిన ప్రతిచోటా కంపెనీ వాళ్ళు వేసిన పెయింటు పైనా కాలుతుంది, రేకు అడుగునా కాలుతుంది. ఐసు కరిగిన నీళ్ళు షీటు అంచుల్లోంచి కిందికి దిగుతాయి గానీ మళ్ళీ పైకి ఆరవు. రెండు రేకుల మధ్య ఆ ఉప్పునీళ్ళు, చేప జిగురు, ఇసుక కలిసి నెలల తరబడి ఉండిపోతాయి, పైన చూస్తే షీటు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. బరువు కూడా లెక్కేసుకోండి. ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు తొట్టి అంటే 4 చదరపు మీటర్ల పైచిలుకు. 3 మిల్లీమీటర్ల ఇనుప చెక్కర్ షీటు చదరపు మీటరుకి దాదాపు 25 కిలోలు తూగుతుంది, అంటే బండి ఖాళీగా ఉన్నా వంద కిలోలు మోస్తూ తిరుగుతున్నట్టే. అదే 3 మిల్లీమీటర్ల స్ప్రే పూత చదరపు మీటరుకి 3 కిలోలకి కాస్త అటూ ఇటూ, మొత్తం అడుగుభాగానికి 12, 13 కిలోలు. మిగిలిన బరువు మీకు సరుకే.

ఇక ఆ పూత ఏమిటంటే, పాలీయూరియా లేదా పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ రకం. రెండు ద్రవాలు విడివిడిగా వస్తాయి, మెషీన్ వాటిని 65, 70 డిగ్రీల దాకా వేడిచేసి 2000 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఒత్తిడితో గన్ను దగ్గర కలుపుతుంది (మన కారు టైరులో ఉండేది 30, 35 మాత్రమే). రేకు మీద పడిన కొద్ది సెకన్లలోనే గట్టిపడుతుంది, అందుకే నిలువు గోడల మీద కూడా కారిపోకుండా మందంగా నిలుస్తుంది. రేకుకి అంటుకుపోతుంది కాబట్టి మధ్యలో నీళ్ళు నిలవడానికి సందు ఉండదు. షీటుకీ దీనికీ అసలు తేడా అదే. షాపుల్లో దొరికే ప్లాస్టిక్ తొట్టి లైనర్లకి కూడా షీటుకున్న జబ్బే ఉంది, బండి అదురుకి కింద పెయింటుని గీకుతూ, సందులో నీళ్ళు పట్టి ఉంచుతాయి.

కానీ అంటుకోవాలంటే కింద రేకు శుభ్రంగా, పొడిగా, కాస్త గరుకుగా ఉండాలి. ఈ పనిలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, చాలా షెడ్లలో తొందరపడేదీ ఇక్కడే. కొత్త బండి అయినా సరే ముందు గ్రీజూ మైనమూ పోయేలా తుడవాలి, తర్వాత మెరుపు పూర్తిగా చచ్చేదాకా ఎమ్రీ పేపరు పట్టాలి, దుమ్ము ఊదాలి, మళ్ళీ తుడవాలి. గాడుల లోపలి మూలలు చేత్తో రుద్దాల్సిందే, మెషీన్ అక్కడికి దూరదు. ముందు గోడ అడుగున రేకులు కలిసే జాయింటులో వేలు పెట్టి చూడండి. ఇంకా నున్నగా తగిలిందంటే అక్కడ పేపరు పట్టనట్టే, రేపు పూత లేచేదీ అక్కడి నుంచే.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, అది బయటి ఊళ్ళ మెకానిక్కులకి తట్టదు. ఉప్పుటేరు చుట్టుపక్కల, కొల్లేరు దిగువన చాలా ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో తొట్టి కడిగి ఆరబెడితే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు రేకు మీదే ఉంటుంది. దాని మీద పూత వేస్తే లోపలి ఉప్పు మెల్లమెల్లగా పూతలోంచే తేమను లాక్కుంటుంది, కొన్నాళ్ళకి అక్కడక్కడా బొబ్బలు లేస్తాయి. కాబట్టి స్ప్రేకి ముందు కడిగే నీళ్ళు మంచినీళ్ళే అయ్యుండాలి, పంపు నీళ్ళో తేరిన కాలవ నీళ్ళో. షెడ్డువాళ్ళ బోరు నీళ్ళు ఓ చుక్క నాలిక మీద వేసుకుని చూడండి, మొహమాటం ఏమీ అక్కర్లేదు.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. ఈ రసాయనానికి తేమ పడదు. నీటి తడి తగిలితే లోపల కార్బన్ డయాక్సైడు పుట్టి పూత బుడగలు కడుతుంది. పాలీయూరియా త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొంత నయం, పాలీయూరిథేన్‌కి ఈ బెడద ఎక్కువ. రేకు వేడి, గాలిలోని తేమ చెమటలా పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలని లెక్క. శ్రావణ భాద్రపదాల్లో గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి, 27 దగ్గరే తడి పట్టడం మొదలవుతుంది. అంటే అంచు మీద నిలబడి పని చేస్తున్నట్టు. ముసురు పట్టిన రోజున ఎవరు ఎంత ధైర్యం చెప్పినా బండి ఇవ్వకండి. సంక్రాంతి తర్వాత నుంచి ఎండలు ముదిరేలోపు మంచి అదను, అదీ పొద్దుటి మంచు పూర్తిగా ఆరాక, పదింటి తర్వాత మొదలుపెట్టమనండి.

నీళ్ళు దిగే కన్నాలు మాత్రం మూసుకుపోకూడదు. స్ప్రేకి ముందు బిరడాలు పెట్టి, తర్వాత తీసి, కన్నం లోపలి అంచుకి కూడా పూత పట్టిందో లేదో చూడాలి. డోర్ల కీళ్ళు, గొళ్ళేలు, రబ్బర్లు టేపు వేసి కప్పాలి. ఇంకొక్కటి, ఈ పూత కాపాడేది తొట్టి లోపలి వైపునే. కన్నాల్లోంచి కారే ఉప్పునీళ్ళు నేరుగా చాసిస్ మీదా కమాన్‌కట్టల మీదా పడతాయి. కన్నాలకి చిన్న రబ్బరు గొట్టాలు తగిలించి నీళ్ళు నేలకి దిగేలా చేయించుకోండి, వారం వారం అడుగుభాగం కూడా మంచినీళ్ళతో కొట్టించండి. పూత వేసిన తొట్టి కదా అని చేపల్ని నేరుగా అందులో పొయ్యకండి. ప్రతి పూతా తిండి పదార్థాలకి తగినట్టు చేసింది కాదు, ట్రేల్లోనే పెట్టండి.

ప్రశ్న: మాది రాజోలు. ఇదే పని చేసే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, మా ఇంట్లో కంప్రెసర్ కూడా ఉంది. నేనూ మా బావమరిదీ కలిసి మా పెరట్లోనే కొట్టేసుకోవచ్చా? షాపులో అడిగే డబ్బులో చాలా తక్కువకి అయిపోతుంది.

జవాబు: కొట్టుకోవచ్చు, కానీ వచ్చేది అదే పూత కాదు. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: ఒక లీటరు ద్రవం ఒక చదరపు మీటరు మీద పరిస్తే మందం 1 మిల్లీమీటరు. తొట్టి అడుగూ గోడలూ కలిపి ఎనిమిది తొమ్మిది చదరపు మీటర్లు ఉంటుంది. నాలుగు లీటర్ల కిట్టు దాని మీద పరిస్తే అర మిల్లీమీటరు కూడా రాదు, అందులో ద్రావకం ఆవిరైపోగా ఇంకా తగ్గుతుంది. ఇంటి సామాను, ఎరువుల బస్తాలు అప్పుడప్పుడూ తోలుకునే బండికి అది సరిపోతుంది, గీతలు పడవు, చూడ్డానికి బాగుంటుంది. రోజూ ట్రేలు ఈడ్చే బండికి, ఇటుకలు దింపే బండికి చాలదు. షాపుకి వెళ్ళినా ఇదే లెక్కతో అడగండి. అడుగుభాగం 3 మిల్లీమీటర్లు అంటున్నారు కదా, మరి ఎన్ని లీటర్లు పోస్తున్నారు అని. చదరపు అడుగు రేటు ఒక్కటే చెప్పి మందం చెప్పనివాళ్ళ దగ్గర బండి పెట్టకండి, బిల్లు మీద మందం రాయించుకోండి.

మీరు డబ్బు గురించి అడిగారు గానీ నాకు అంతకన్నా టెన్షన్ మీ ఊపిరితిత్తుల గురించి. ఈ రెండు ద్రవాల్లో ఒకటి ఐసోసైనేట్. స్ప్రే చేసేటప్పుడు దాని తుంపర లోపలికి పోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా అయిందంటే ఆ తర్వాత ఎంత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది, మళ్ళీ మామూలు అవడం కష్టం. మూతికి తువ్వాలు చుట్టుకోవడం, కరోనా నాటి మాస్కు పెట్టుకోవడం దీనికి పనికిరావు. షెడ్లలో పద్ధతిగా చేసేవాళ్ళు బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందే మాస్కు వేసుకుంటారు, ఒళ్ళంతా కప్పుకుంటారు. పెరట్లో అంటే పక్కింటివాళ్ళు ఉంటారు, పిల్లలు ఆడుతుంటారు, పాక కింద గేదెలు ఉంటాయి. అంత చేయాలనే ఉంటే స్ప్రే మానేసి రోలరుతో పూసే రకం తెచ్చుకోండి, తుంపర చాలా తగ్గుతుంది. అప్పుడు కూడా ఆరుబయట, చేతికి గ్లౌజులతో, ఆవిరికి పనికొచ్చే ఫిల్టరు మాస్కుతో, పిల్లల్ని దూరంగా ఉంచి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఇప్పటికే ఆయాసం ఉంటే అసలు ముట్టుకోవద్దు.

ప్రశ్న: అంబాజీపేట నుంచి రాస్తున్నాను. కొబ్బరికాయల లోడు తిరిగే పాత బండి, తొట్టిలో అక్కడక్కడా తుప్పు లేచింది, ఒక మూల వేలు పట్టేంత చిల్లు ఉంది. స్ప్రే వేయిస్తే తుప్పు ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: తుప్పు మీద వేస్తే ఆగదు. కనపడకుండా పోతుంది, అంతే, కనపడని తుప్పు ఇంకా ప్రమాదం. ముందు టింకరింగు షెడ్డుకి తీసుకెళ్ళండి. పుచ్చిన రేకు కోయించి కొత్త ముక్క అతికించాలి, ఆ చిల్లుకి పుట్టీ పెట్టి మూస్తే కాయల లోడు పడగానే ఊడుతుంది. మిగతా తుప్పు మెరిసే ఇనుము కనపడేదాకా గీకించి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి ముందుగా వేసే అడుగు పూత) కొట్టించండి, రాత్రి అలా వదిలేస్తే తెల్లారేసరికి మన గాలికి మళ్ళీ ఎర్రబడుతుంది. సుత్తితో అడుగంతా తట్టి చూడమనండి. చాలాచోట్ల బోలు శబ్దం వస్తే పూతకి డబ్బు పెట్టకండి, తొట్టే మార్చుకోవడం మేలు. ఎందుకంటే ఈ పూత ఒకసారి వేశాక తీయడం మహా కష్టం, హీట్ గన్ పెట్టి అంగుళం అంగుళం ఒలవాలి.

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలే బండి మాది. నల్ల పూత ఎండకి కాలిపోయి మొక్కల వేళ్ళు దెబ్బతింటాయా? రంగు వెలిసిపోతుందని కూడా విన్నాం.

జవాబు: నలుపు బాగానే కాలుతుంది, మే నెలలో పాలిథీన్ సంచుల్లో ఉన్న చిన్న మొక్కలకి అది మంచిది కాదు. లేత బూడిద రంగు అడగండి, కింద తడి గోనె పరవండి, పైన షేడ్ నెట్ ఎలాగూ కడతారు. రంగు వెలిసిపోవడం నిజమే. మామూలుగా వాడే రకం ఎండకి తెల్లగా పాలిపోతుంది, బలం మాత్రం వెంటనే తగ్గిపోదు. పైన ఎండకి తట్టుకునే అలిఫాటిక్ పూత ఒకటి పల్చగా వేయిస్తే రంగు నిలుస్తుంది, కాస్త ఖర్చు ఎక్కువ. మీ పనికి రంగు కన్నా పట్టు ముఖ్యం, కుండీలు జారకుండా ఉండేలా గరుకు ఎక్కువగా ఉంచమనండి, కానీ మరీ గరుకైతే ఎర్రమట్టి అందులో ఇరుక్కుని కడగడానికి ప్రాణం మీదికొస్తుంది, అందుకని వేసే ముందు ఒక నమూనా ముక్క మీద తడి మట్టి రుద్ది, కడిగి చూసుకోండి.