మొదటి నవల అచ్చుకి వెళ్లేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల అందింది. మొత్తం చదివాను, కొన్ని అధ్యాయాలు రెండేసి సార్లు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ నాటికి పుస్తకం తేవాలని, వెయ్యి కాపీలకు నాన్నగారు డబ్బు సర్దుతానన్నారని రాశావు. నా మాట విని ఈ బుక్ ఫెయిర్‌ని వదిలేయమ్మా. నవల నాకు బాగా నచ్చింది కాబట్టే చెబుతున్నాను, అది ఇంకా పూర్తి కాలేదు.

పద్నాలుగో అధ్యాయమే తీసుకో. కొండపి వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. కొనేవాళ్లు ఒక్కో బేలు దగ్గర క్షణం ఆగి ధర చెప్పి కదిలిపోతున్నారు. నీ కథలోని తండ్రి బేలు దగ్గర ఎవరూ ఆగలేదు. 'నో బిడ్' అన్నారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. బేలు అంచున బయటికి వచ్చిన ఆకుని లోపలికి నెట్టి, గోనె సర్ది, ఆటో అబ్బాయికి ఫోన్ చేశాడు. అక్కడ నాకు గొంతు పూడుకుపోయింది. ఇంటికి తిరిగొచ్చే సరుకుని కూడా అంత జాగ్రత్తగా సర్దే మనిషిని దగ్గర్నుంచి చూసినవాళ్లే అలా రాయగలరు. తీరా పేజీ తిప్పితే గిట్టుబాటు ధర గురించి, వ్యాపారులు కుమ్మక్కవడం గురించి రెండు పేజీల పొడుగునా నువ్వే మాట్లాడావు. చెప్పినవన్నీ నిజాలే. కానీ చదివేవాడికి అప్పటికే కోపం వచ్చేసింది, వివరించేకొద్దీ అది చల్లారిపోతుంది. ఆ రెండు పేజీలూ తీసెయ్. మరీ మనసొప్పకపోతే టీ కొట్టు దగ్గర ఇంకో రైతు చేత నాలుగు మాటలు అనిపించు, చాలు.

మొదలు కూడా మార్చాలి. ఊరు ఎలా పుట్టింది, తాత ఎక్కణ్ణుంచి వచ్చాడు అంటూ నలభై పేజీలు నడిచాక గానీ ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో నిప్పు పడదు. నవల మొదలయ్యేది ఆ రాత్రే. ఆకు క్యూరింగ్ అవుతుంటే వేడి ఎక్కువైందేమోనని తండ్రి నిద్ర మానుకుని లేచి చూడటంతో మొదలుపెట్టు. తాత సంగతి అవసరమైన చోట ఒక ముక్క వస్తే సరిపోతుంది. ఇంకొకటి: ఆకుని నాణ్యతని బట్టి వేరుచేసే గ్రేడింగ్‌కి వచ్చే ఆడవాళ్లు నలుగురూ ఒకేలా మాట్లాడుతున్నారు. పేర్లు మూసేసి సంభాషణలు పైకి చదువు. ఏ మాట ఎవరిదో తెలియాలి. మీ ప్రాంతపు యాసని మాత్రం ఎవరు దిద్దుతామన్నా దిద్దనివ్వకు.

ఇల్లు అలకగానే పండగ కాదు. ప్రతిని రెండు నెలలు కళ్ళబడకుండా పక్కన పెట్టు. తర్వాత ఇద్దరికి ఇచ్చి చదివించు: ఒకరు పొగాకు తెలిసినవాళ్లు, ఒకరు బ్యారన్ ముఖం చూడనివాళ్లు. ఇద్దరూ నీ మీద అభిమానంతో 'సూపర్' అనేసే రకం కాకుండా చూసుకో.

సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి 35 ఏళ్ల హద్దు ఉందని కూడా టెన్షన్ పడుతున్నావు. నీకింకా చాలా వ్యవధి ఉంది. ఆ లెక్కతో నవల ముగింపుని తొందరపెట్టకు. చివరి మూడు అధ్యాయాల్లో ఆ తొందర కనిపిస్తోంది.

ఇక అచ్చు సంగతి. మన దగ్గర రచయితే నేరుగా ప్రచురణకర్తకి రాసుకోవాలి. అన్వీక్షికి, ఛాయ లాంటి సంస్థలు కొత్తవాళ్ల నవలలు వేస్తున్నాయి. వాళ్లు వేసినవి నాలుగైదు చదివి, నీ నవల అక్కడ ఇముడుతుందనిపిస్తేనే పంపు. ఒక పేజీలో కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు చాలు. జవాబు ఆలస్యమవుతుంది, దానికి కుంగిపోకు.

ఎవరైనా వేస్తామంటే సంతోషంలో కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్క. అందుకే 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న మాట కనిపిస్తే ఆగి అడుగు. తెలుగు అచ్చు పుస్తకం హక్కు ఇవ్వు. ఆడియో, అనువాదం, సినిమా నీ దగ్గరే ఉంచుకో. రాయల్టీ ఎంత, లెక్క ఎప్పుడు చెబుతారు అన్నవి కాగితం మీద ఉండాలి. డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడకమ్మా, అది నీ కష్టం.

ఎవరూ ముందుకు రాక నువ్వే వేసుకోవాల్సి వస్తే మాత్రం వెయ్యి వద్దు. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద, రెండొందలు కూడా వేయించుకోవచ్చు. ఒక్కో కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ నాన్నగారి డబ్బు అటక మీద అట్టపెట్టెల్లో ఉండిపోదు. షాపులవాళ్లు పుస్తకం అమ్ముడయ్యాకే డబ్బిస్తారు, పెద్ద కమీషన్ పట్టుకుని. పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బిఎన్ కోసం ఎవరికీ పైసా ఇవ్వకు. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు.

ప్రూఫులు ఇంకొకరికి వదలకు. నువ్వు యూనికోడ్‌లో టైప్ చేశావు. డీటీపీ వాళ్లు దాన్ని 'అను' అనే పాత ఫాంట్లలోకి మారిస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, 'బ్యారన్‌లో' అన్నది 'బ్యారన్లో' అయి కూర్చుంటుంది. ఫాంటు మార్చాక మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవాలి.

దిద్దిన ప్రతిని సంక్రాంతి వెళ్లాక పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే ప్రింట్ తియ్యి, మార్జిన్ బాగా వదులు. నాకు రాయడానికి చోటు కావాలి.

ఆశీస్సులతో.