చైనా పాతకాలపు ట్రాన్స్‌మైగ్రేషన్ ప్రేమకథల్లో సరదావి ఎలా ఎంచుకోవాలి?

ఇప్పటి అమ్మాయి పాత చైనాలో ఎవరి ఒంట్లోనో కళ్లు తెరుస్తుంది, అక్కడే ప్రేమలో పడుతుంది. ఇలాంటి కథల్లో ఏడిపించనివి ఏవి, నాలుగు చదివేసరికి అన్నీ ఒకేలా ఎందుకు అనిపిస్తున్నాయి అని అడిగారు. నాకు ఈ పిచ్చి కొన్నేళ్లుగా ఉంది. రాత్రి ఫోన్ పట్టుకుంటే చాలు, మా ఆయన "ఇవాళ ఎవరు ఎవరి ఒంట్లో దూరారు?" అని అడుగుతాడు.

ముందు ఏడుపు సంగతి. చాలామంది 'బూ బూ జింగ్ షిన్'తో మొదలుపెట్టి గుండె బరువెక్కించుకుంటారు. 2011లో డ్రామాగా, అంటే టీవీ సీరియల్‌గా వచ్చింది. చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కొడుకుల మధ్య చిక్కుకున్న అమ్మాయి కథ. 1722లో సింహాసనం నాలుగో రాజకుమారుడిదే అని ఆమెకు ముందే తెలుసు, మిగతావాళ్ల గతి ఏమవుతుందో కూడా తెలుసు. అలా తెలిసినప్పుడు ఇంక నవ్వెక్కడిది? గొప్ప కథే, కానీ మీరు అడిగిన రకం కాదు.

సరదా కథలు ఎక్కువగా చరిత్రలో లేని కల్పిత రాజ్యాల్లో జరుగుతాయి. రచయితకు అక్కడ భలే వెసులుబాటు. ఆ లోకంలో లీ బాయ్ అనే కవి పుట్టనే లేదు కాబట్టి, విందులో కవిత చెప్పమంటే హీరోయిన్ ఆయన వెన్నెల పద్యం తనదే అన్నట్టు చదివేసి మహాకవయిత్రి అయిపోతుంది. పట్టుకునేవాళ్లు ఎవరు? మొదటిసారి చదివినప్పుడు పడీ పడీ నవ్వాను. అదే సీను వేరే కథల్లో మళ్లీ మళ్లీ ఎదురైతే విసుగొచ్చింది. మీకు అన్నీ ఒకేలా అనిపించడానికి కారణం అదే. సబ్బు చేస్తుంది, హాట్‌పాట్ (బల్లమీదే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినేది) కొట్టు పెడుతుంది, ఊరంతా క్యూ కడుతుంది.

హాట్‌పాట్ అంటే గుర్తొచ్చింది. కథ టాంగ్ కాలంలో అని చెప్పి, వంటింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. టాంగ్ వంశం 907లోనే ముగిసింది. మిరప అమెరికా ఖండం నుంచి చైనా చేరింది 16వ శతాబ్దం చివర్లో. మన గుంటూరు మిరప పూర్వీకులు కూడా పోర్చుగీసు ఓడలు వచ్చాకే ఇక్కడ దిగాయి, అంతకుముందు మనకూ మిరియాలే కారం. హీరోయిన్ మిరపకాయ కోసం అంగడంతా వెతికి, దొరక్క, అల్లం, సిచువాన్ మిరియాలతో తంటాలు పడితే ఎంత బాగుంటుంది!

నేను కథను ఎంచుకునేది కూడా దాన్ని బట్టే. మొదటి పది చాప్టర్లలో హీరోయిన్ తెలివి ఒక్కసారైనా బెడిసికొట్టిందా అని చూస్తాను. వేసిన ప్రతి పాచికా పారితే హీరో ఉన్నది ఆమెను చూసి నోరు తెరవడానికే. బెడిసికొడితేనే ఇద్దరికీ మాట్లాడుకునే పని పడుతుంది. ఉదాహరణకి, పెళ్లయిన మర్నాడు పొద్దున్నే మోకాళ్లమీద కూర్చుని అత్తగారికి టీ కప్పు అందించాలి, ఆవిడ తింటుంటే పక్కన నిలబడి వడ్డించాలి. మన పిల్ల ఆఫీసులో మేనేజర్‌నైనా ఎదిరించింది కానీ ఇక్కడ చేతులు వణికి టీ ఒలకబోస్తుంది. భర్త చూడనట్టు తల తిప్పుకుని, కింద నుంచి చేతిరుమాలు అందిస్తాడు. రెండు చేతులకే పనున్న ఇలాంటి సీను నాకు వంద పేజీల ప్రేమలేఖలకన్నా ఎక్కువ.

మొదటిది ఏదని అడిగితే 'ద రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్' (2020) అంటాను. అది డ్రామా. స్క్రిప్టు రాసే అమ్మాయి తన స్క్రిప్టులోనే పడుతుంది, అదీ మూడో ఎపిసోడ్లో చచ్చిపోవాలని తనే రాసిన యువరాణి ఒంట్లో. పైగా అది ఆడవాళ్లు ఏలే నగరం. ఎవరేం చేస్తారో అన్నీ తెలుసనుకుంటుంది, వేలు పెట్టిన ప్రతిసారీ కథ ఇంకోవైపు పోతుంది.

నవలలైతే మనుషులు అనువదించినవే చదవండి. ఆటో ట్రాన్స్‌లేషన్‌లో రాకుమారుడు ఒక లైన్లో మగ, తర్వాతి లైన్లో ఆడ. చైనీస్ వాక్యాల్లో కర్తను తరచుగా వదిలేస్తారు, మెషీన్ గుడ్డిగా ఊహిస్తుంది. ట్యాగుల్లో 'హెచ్‌ఈ' ఉంటే సుఖాంతం, 'బీఈ' ఉంటే విషాదాంతం, పక్కన టవల్ పెట్టుకోండి.

డ్రామా చూసి నవల అదే అనుకోకండి. 2011లో చైనా ప్రసార నియంత్రణ సంస్థ టైమ్ ట్రావెల్ సీరియళ్లు చరిత్రతో ఆటలాడుతున్నాయని మండిపడింది. అప్పటినుంచి నిర్మాతలు కొందరు హీరోయిన్ పడింది గతంలో కాదు, స్క్రిప్టులోనో నవల్లోనో అని సాకులు వెతుకుతారు, కొందరు మన కాలం నుంచి వెళ్లే ముక్కే ఎత్తేస్తారు. 2018లో వచ్చిన 'ద స్టోరీ ఆఫ్ మింగ్‌లాన్' అలాంటిదే. నవలలో ఆ అమ్మాయి మన కాలం నుంచి వెళ్లినదే. డ్రామాలో మాత్రం అక్కడే పుట్టి పెరుగుతుంది.