ఏ డ్రాయింగుకు ఏ వ్యూయర్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషినింగ్ వర్క్‌షాపు ఉంది. ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ యంత్రం), రెండు సీఎన్‌సీ లేత్‌లు నడుపుతున్నాం. జాబ్‌వర్క్ ఇచ్చే కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో ఫార్మాట్‌లో డ్రాయింగులు పంపుతున్నాయి. కొన్ని డీడబ్ల్యూజీలో, కొన్ని స్టెప్‌లో వస్తాయి. సాలిడ్‌వర్క్స్ ఫైళ్లు, చివర పీఆర్‌టీ అని ఉండే ఫైళ్లు కూడా వస్తుంటాయి. మేము డిజైన్ చేయం. కొలతలు చూసి కొటేషన్ వేయడానికి, మెటీరియల్ ఎంత పడుతుందో లెక్కగట్టడానికి, ఆపరేటరుకు ప్రింటు తీసి ఇవ్వడానికి మాత్రమే ఇవి కావాలి. ఖరీదైన క్యాడ్ (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) లైసెన్సు కొనకుండా అన్నింటినీ తెరిచే ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే సూచించండి.
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన ఫార్మాట్లన్నింటినీ నమ్మకంగా తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కటంటూ లేదు. రెండు మూడు ఉచిత వ్యూయర్లను (ఫైలును తెరిచి చూపే ప్రోగ్రాములను) పెట్టుకుని, ఫైలు ఏ రూపంలో పంపాలో కంపెనీలకు ముందుగానే చెప్పగలిగితే మీ పనికి డబ్బు ఖర్చు పెట్టాల్సిన అవసరం దాదాపు రాదు.

ముందు డీడబ్ల్యూజీ సంగతి చూద్దాం. ఇది 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వచ్చిన ఫార్మాట్. దీని లోపలి నిర్మాణాన్ని ఆటోడెస్క్ ప్రచురించలేదు. మార్పిడి కోసం ఉద్దేశించిన డీఎక్స్ఎఫ్ వివరాలను మాత్రం బయట పెట్టింది. 1998లో ఏర్పడి, ఇప్పుడు ఓపెన్ డిజైన్ అలయన్స్ అనే పేరుతో పనిచేస్తున్న సంస్థ డీడబ్ల్యూజీని తనంత తానుగా విశ్లేషించి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు తయారు చేసింది. ఇతర కంపెనీల వ్యూయర్లలో చాలావరకు వాటి మీద ఆధారపడినవే. అవి బాగానే పనిచేస్తాయి గానీ, ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉండగా విండోస్ వాడేవారు వేరేది వెతకడం అనవసరమని నా అభిప్రాయం. దానితో కొలవవచ్చు, స్కేలు ప్రకారం ప్రింటు తీయవచ్చు, కొత్త వెర్షన్ ఫైలును పాత వెర్షన్‌లోకి మార్చుకోవచ్చు. స్టెప్ ఫైళ్లను మాత్రం అది తెరవదు.

పాత సాఫ్ట్‌వేర్‌లో డీడబ్ల్యూజీ తెరుచుకోకపోతే ఫైలు చెడిపోయిందని వెంటనే అనుకోకండి. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తుల ముందు మొదటి ఆరు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏసీ1015 అంటే 2000 నాటి ఫార్మాట్, ఏసీ1024 అంటే 2010ది, ఏసీ1027 అంటే 2013ది, ఏసీ1032 అంటే 2018ది. మీ దగ్గరున్న ప్రోగ్రాము 2010 ఫార్మాట్ వరకే చదవగలిగి, వచ్చిన ఫైలు ఏసీ1032 అయితే, 2010 వెర్షన్‌లో సేవ్ చేసి మళ్లీ పంపమని ఒక్క మాట రాస్తే సరిపోతుంది.

ఇక త్రీడీ ఫైళ్లు. ఇందులో స్టెప్‌ను మీరు గట్టిగా పట్టుకోవాలి. ఇది ఏ ఒక్క కంపెనీకీ చెందని, ఐఎస్ఓ 10303 అనే అంతర్జాతీయ ప్రమాణం. దాదాపు ప్రతి త్రీడీ క్యాడ్ ప్రోగ్రాము దీనిలోకి ఎగుమతి చేయగలదు. దీనికి ముందు నుంచీ ఉన్న ఐజెస్ అనే మార్పిడి ఫార్మాట్‌లో చివరి వెర్షన్ 1996లోనే వచ్చింది. దానిలో ఉపరితలాల మధ్య సన్నని ఖాళీలు మిగిలిపోయి, ఘనంగా ఉండాల్సిన పార్టు విడివిడి రేకులుగా తెరుచుకోవడం మామూలే. రెండింటిలో ఏది కావాలని అడిగితే ఆలోచించకుండా స్టెప్ అనే చెప్పండి. దాన్ని చూడటానికి ఫ్రీక్యాడ్ చాలు. ఇది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో కొలిచే సాధనం మెరుగుపడింది. నిజానికి అది పూర్తి స్థాయి డిజైన్ సాఫ్ట్‌వేర్ కాబట్టి తెర మీది బటన్ల వరుసలు చూసి మొదట్లో తికమక కలుగుతుంది. ఫైలు తెరవడం, తిప్పి చూడటం, కొలవడం నేర్చుకుంటే మిగిలినవాటి జోలికి మీరు వెళ్లనక్కరలేదు.

సాలిడ్‌వర్క్స్ ఫైళ్లకు ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే ఈడ్రాయింగ్స్ వ్యూయర్ ఉంది. ఉచిత ఎడిషన్‌కూ, డబ్బు చెల్లించే ఎడిషన్‌కూ సౌకర్యాల్లో తేడా ఉంది కాబట్టి, కొలిచే సదుపాయం మీరు దించుకున్నదానిలో ఉందో లేదో ముందే పరీక్షించుకోండి. అసెంబ్లీ ఫైలు ఒక్కటే పంపితే సాధారణంగా పని జరగదు, ఎందుకంటే అది విడి పార్టుల ఫైళ్లు ఎక్కడున్నాయో సూచిస్తుందే తప్ప వాటిని పూర్తిగా తనలో ఉంచుకోదు. పీఆర్‌టీ అనే పేరు ఇంకా చిక్కు పెడుతుంది. సీమెన్స్ ఎన్ఎక్స్ వాడే ఫైలుకూ, పీటీసీ క్రియో వాడే ఫైలుకూ అదే ముగింపు. చివర పీఆర్‌టీ తరువాత చుక్క పెట్టి 1, 2 అని అంకె కూడా ఉంటే అది క్రియోదని గుర్తుపట్టవచ్చు. ఏదైనా సరే, దాని కోసం వ్యూయర్ వెతికే బదులు స్టెప్ పంపమని అడగడమే తక్కువ శ్రమ.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మోడల్ తెర మీద చక్కగా కనిపించినంత మాత్రాన కొటేషన్‌కు కావలసినదంతా అందులో ఉన్నట్టు కాదు. ఉదాహరణకు, ఎం8 ట్యాప్ వేయాల్సిన రంధ్రాన్ని చాలామంది డిజైనర్లు మరలు గీయకుండా 6.8 మిల్లీమీటర్ల డ్రిల్ రంధ్రంగానే మోడల్‌లో ఉంచుతారు. స్టెప్ మాత్రమే చూసినవారు ట్యాపింగ్ ఖర్చు కలపకుండా ధర చెప్పేస్తారు. టాలరెన్సులు (కొలతల్లో అనుమతించే తేడాలు), సర్ఫేస్ ఫినిష్, హీట్ ట్రీట్‌మెంట్ కూడా అంతే. 2014లో మొదటిసారి వెలువడిన ఏపీ242 అనే స్టెప్ రకం ఆ వివరాలను మోడల్‌లోనే మోయగలదు గానీ, పంపేవారు వాటిని చేర్చి ఉండాలి, మీ వ్యూయర్ వాటిని చూపగలగాలి. అందుకే ప్రతి ఆర్డరుకూ స్టెప్‌తో పాటు పీడీఎఫ్ డ్రాయింగు, రెండింటి మీదా ఒకే రివిజన్ నంబరు ఉండాలని షరతు పెట్టండి.

యూనిట్లు కూడా సరిచూసుకోవాలి. త్రీడీ ప్రింటింగుకు ఎక్కువగా వాడే ఎస్‌టీఎల్ ఫైలులో మిల్లీమీటరా, అంగుళమా అన్నది ఉండదు. డీఎక్స్ఎఫ్‌లలో కూడా యూనిటు సరిగా నింపకుండా పంపేవారు ఉన్నారు. పీడీఎఫ్‌లో రాసి ఉన్న ఏదైనా ఒక పెద్ద కొలతను వ్యూయర్‌లో కొలిచి చూడండి. తేడా సరిగ్గా 25.4 రెట్లు వస్తే కారణం మీకే తెలిసిపోతుంది. ఎస్‌టీఎల్‌లో వంపు ఉపరితలాలన్నీ చిన్న త్రిభుజాలుగా మారిపోతాయి కాబట్టి బోరు వ్యాసాన్ని దాని నుంచి కొలిచి టూల్ ఎంచుకోవద్దు.

ఇన్ని చెప్పినా ఫార్మాట్ మార్చి పంపని కంపెనీలు కొన్ని ఉంటాయి. ఆర్డర్లలో ఎక్కువ భాగం అలాంటివారివే అయితే గ్లోవియస్, క్యాడ్ ఎక్స్‌ఛేంజర్ వంటి బహుళ ఫార్మాట్ వ్యూయర్లకు డబ్బు పెట్టడం సమంజసమే. ట్రయల్ కాలంలో కంపెనీ ఇచ్చే నమూనా ఫైళ్లను కాకుండా, మీకు వచ్చినవాటిలో అతి పెద్ద అసెంబ్లీని, అతి కొత్త వెర్షన్ ఫైలును, కొలతలు ముందే తెలిసిన పార్టును తెరిచి చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: భవన నిర్మాణ కాంట్రాక్టరును. ఆర్కిటెక్టు పంపిన డీడబ్ల్యూజీ ప్లానును వ్యూయర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల చోట అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. స్తంభాల గ్రిడ్ మొత్తం మాయమైంది. వ్యూయర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మార్చినా ఫలితం ఉండకపోవచ్చు. తెలుగు వ్యాఖ్యలను యూనికోడ్‌లో కాకుండా అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసి ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి ఇంగ్లిషు అక్షరాలుగానే కనిపిస్తాయి. ప్రశ్నార్థకాలకు సాధారణ కారణం ఆటోక్యాడ్ ఎస్‌హెచ్ఎక్స్ ఫాంటు ఫైలు అందకపోవడం. గ్రిడ్‌ను బహుశా వేరే డ్రాయింగు నుంచి ఎక్స్‌రెఫ్‌గా జోడించి ఉంటారు. ఆ రెండో ఫైలు మీకు రాలేదు కాబట్టి అది తెర మీదికి రాదు. ఆర్కిటెక్టు గారిని ఆటోక్యాడ్‌లోని ఈట్రాన్స్‌మిట్ ద్వారా ఫాంట్లు, ఎక్స్‌రెఫ్‌లు కలిపి ఒకే జిప్ ఫైలుగా పంపమని కోరండి. పంపేటప్పుడు ఫాంట్లను చేర్చే ఎంపికను గుర్తు పెట్టమని కూడా చెప్పండి. సైటులో మేస్త్రీకి ఇచ్చే ప్రతికి పీడీఎఫ్ మేలు. అయితే ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపడేలా కుదించే ఎంపికను తీసేసి అసలు సైజు ఎంచుకోకపోతే, 1:100 అని రాసి ఉన్న ప్లాను ఆ స్కేలులో ఉండదు.

ప్రశ్న: ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే అనేక ఫార్మాట్లను చూపే ఆన్‌లైన్ వ్యూయర్లు వాడవచ్చా?
– ఒక టూల్‌రూమ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: సౌకర్యం దృష్ట్యా అవి మంచివే. ఆటోడెస్క్ వ్యూయర్ వంటివి డీడబ్ల్యూజీ నుంచి స్టెప్, సాలిడ్‌వర్క్స్ దాకా చాలా ఫార్మాట్లను తెరుస్తాయి. కానీ డ్రాయింగు ముందుగా ఆ సంస్థ సర్వరుకు చేరుతుంది. మీరు రక్షణ, నౌకా నిర్మాణ రంగాలకు పార్టులు చేస్తున్నా, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్నా, కొనుగోలుదారు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ ఫైలునూ అప్‌లోడ్ చేయవద్దు. మీ సొంత డిజైన్లకు, బహిరంగంగా దొరికే కేటలాగు పార్టులకు నిరభ్యంతరంగా వాడుకోండి.