టీటీ వేయించాం కదా అని ఊరుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. పోయిన ఆదివారం ఉదయగిరి వైపు ఒక చిన్న కొండకు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం. అక్కడ పిల్లులు చాలా ఉంటాయి. అన్నీ మాలిమివే, పిలిస్తే ఒళ్లో కూర్చుంటాయి. జపాన్‌లో పిల్లులుండే కొండ వీడియో చూసి మా బాబు (9 ఏళ్లు) గోల చేస్తే తీసుకెళ్లాం. దిగినప్పటి నుంచి మా ఆయనకు (52 ఏళ్లు) రెండు మోకాళ్లూ ఒకటే నొప్పి. బీపీ మాత్ర వాడతారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు పూటకొకటి వేసుకుంటున్నారు. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి? మళ్లీ కొండ ఎక్కొచ్చా? బాబు పిల్లి కూనను ఎత్తుకుంటే తల్లి పిల్లి చేతిమీద గీరింది, కొంచెం రక్తం వచ్చింది. పసుపు అద్ది టీటీ వేయించాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మోకాళ్ల సంగతి చివర్లో చెబుతాను. ముందు బాబును తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి. మీ ఉత్తరం నా దాకా వచ్చి, ఈ జవాబు మీరు చదివేసరికి ఎన్ని రోజులవుతుందో తెలియదు. ఎన్ని రోజులైనా సరే, చదివిన రోజే వెళ్లండి. ఆలస్యమైంది కాబట్టి ఇక లాభం లేదనుకోవద్దు.

టీటీ ధనుర్వాతానికి. రేబిస్‌కు అది ఏమాత్రం పనిచేయదు. ఓపీలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే, "టీటీ వేయించాం గదా సార్". కుక్క కరిచినా, పిల్లి గీరినా, కోతి రక్కినా సందు చివర మెడికల్ షాపులో ఒక టీటీ పొడిపించుకుని, పనైపోయిందని ఇంటికెళ్లి పడుకుంటారు. టీటీ తప్పు కాదు, కావలసిందే. కానీ అది వేయించామన్న ధైర్యంతో అసలు సూది మానేస్తున్నారు. దానికి తోడు, "పిల్లే గదా, కుక్క కాదు గదా" అంటారు. మనదేశంలో రేబిస్ ఎక్కువగా కుక్కల వల్లే వస్తుంది, నిజమే. కానీ పిల్లికీ రేబిస్ వస్తుంది, పిల్లి నుంచి మనిషికీ వస్తుంది. పిల్లి తన కాళ్లు తానే నాకుతూ ఉంటుంది కనుక గోళ్లకు ఎంగిలి అంటుకుని ఉండొచ్చు. అందుకే పిల్లి గీరినా కరిచినంత జాగ్రత్తగా చూస్తాం.

మాలిమిగా ఉందన్నారు. మాలిమికీ టీకాకూ సంబంధం లేదమ్మా. ఆ కొండమీది పిల్లులకు ఎవరైనా ఏటేటా టీకాలు వేయిస్తున్నారా? లేదనే అనుకుని నడుచుకోవాలి. జపాన్ వీడియో సంగతి వేరు. ఆ దేశంలో 1957 తర్వాత జంతువుల్లో రేబిస్ లేదు. ఇక్కడి కొండకు ఆ లెక్క వర్తించదు.

చర్మం గీసుకుపోయి రక్తం వస్తే దాన్ని మూడో రకం గాయం అంటాం. దానికి మూడూ కావాలి: కడగడం, టీకా, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపు వైరస్‌ను అడ్డుకునే మందు). గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడగాలి. పావుగంటంటే గడియారం చూసి పావుగంట. అప్పుడు కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. అవి మంట పుట్టించి పుండును రేపుతాయే తప్ప వైరస్‌ను చంపవు. పైగా గాయం ఎంత లోతుందో చూసే డాక్టరుకు కనపడకుండా చేస్తాయి.

టీకా ఇప్పుడు జబ్బకే. బొడ్డు చుట్టూ పొడిచే పాతకాలపు సూదులు మనదేశంలో 2005 నాటికే ఆగిపోయాయి, బాబును భయపెట్టకండి. ప్రభుత్వాసుపత్రుల్లో సాధారణంగా చర్మంలోకి వేస్తారు. మొదటి డోసు పడిన రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. పిరుదుకు వేయించకండి, అక్కడ సరిగా పనిచేయదు. ఇమ్యునోగ్లోబులిన్ అన్నిచోట్లా దొరకదు. మీ దగ్గరి ఆసుపత్రిలో లేదంటే టీకా అక్కడే మొదలుపెట్టించి, ఆ చీటీతో నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లండి. మొదటి టీకా పడిన 7 రోజుల లోపు అది వేయించాలి. బాబును, గాయాన్ని నేను చూడలేదు కనుక ఏది ఎంత అన్నది చూసిన డాక్టరే తేల్చాలి.

"బాగానే ఉన్నాడు" అని రాశారు. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వడం లేదు. రేబిస్ బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి కూడా పడుతుంది. వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది, అన్నాళ్లూ పిల్లవాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు. నీళ్లంటే భయం మొదలయ్యాక ఏ ఆసుపత్రిలోనూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడైతే చేతిలో మందుంది. పెంపుడు పిల్లి అయితే టీకా మొదలుపెట్టి, 10 రోజులు పిల్లిని గమనించి, అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి ఆలోచిస్తాం. కొండమీది పిల్లిని ఎక్కడని వెతుకుతారు? ఇలా గీరిన ప్రతిసారీ రేబిస్ వస్తుందని కాదు. కానీ ఇందులో పందెం కాయకూడదు.

గీరినచోట చిన్న పొక్కు లేచి, రెండు మూడు వారాల్లో చంకలో గడ్డ కట్టి జ్వరం వస్తే, పిల్లి గీరిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది వేరే ఇన్‌ఫెక్షన్, ఎక్కువగా కూనల వల్ల వస్తుంది. చెప్పకపోతే టీబీ గడ్డేమోనని పరీక్షలన్నీ తిరుగుతారు.

ఇక మీవారి మోకాళ్లు. అలవాటు లేకుండా కొండ దిగితే తొడ కండరాలు, మోకాలి చిప్ప వెనక నొప్పి రావడం మామూలే, వారం పది రోజుల్లో తగ్గాలి. మోకాలు వాచినా, మడత పడకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. తగ్గాక మళ్లీ ఎక్కొచ్చు, అయితే రెండు నెలలు రోజూ నడిచి, తొడలకు కాస్త బలం వచ్చాకే. ఆయింట్‌మెంట్ ఏదైనా ఒకటే. నాకు భయం ఆ మాత్రలతోనే. బీపీ ఉన్న మనిషి, ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకుండా దిగొచ్చి, పూటకో నొప్పి మాత్ర మింగితే దెబ్బ కిడ్నీలమీద పడుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. ఆ నొప్పి మాత్రలను ఈ రోజే ఆపేసి, ఆ రేపర్లు తీసుకెళ్లి మీ బీపీ డాక్టరుకు చూపించండి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష అవసరమా అని అడగండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, తగ్గిపోయినా రేపటిదాకా ఆగొద్దు. బాబుకు టీకా వేయించే ఆసుపత్రిలోనే ఆయన బీపీ కూడా చూపించుకోవచ్చు.