బర్రె చేపడం లేదా? లోపం హార్మోన్‌లో కాదు, సూదిలో

ప్రశ్న: మా ముర్రా బర్రె ఈని రెండు నెలలైంది. దుడ్డె 20వ రోజున చనిపోయింది. అప్పటినుంచి పాలు చేపడం లేదు. మందుల షాపులో లేబుల్ లేని సీసా ఇచ్చారు. మొదట్లో 1 మి.లీ. వేస్తే చేపేది, ఇప్పుడు 2 మి.లీ. వేసినా పూటకు లీటరున్నరే. ‘ఒంట్లో హార్మోన్ తయారు కావట్లేదు, ఇంకా పవరున్నది వేయాలి’ అంటున్నారు. ఏది వేయాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ఇంకా పవరున్నది ఏదీ వేయకండి. మీ బర్రెకు హార్మోన్ లోపం లేదు. ఆ సీసాలో ఉన్నది ఆక్సిటోసిన్ అనే హార్మోన్ అయి ఉంటుంది. అది పాలను తయారు చేయదు, పొదుగులో ఉన్న పాలను కిందికి నెడుతుంది, అంతే. రెట్టింపు వేసినంత మాత్రాన లేని పాలు రావు.

ఈ హార్మోన్ తయారయ్యేది పొదుగులో కాదు, మెదడులో. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలో నిల్వ ఉంటుంది. దుడ్డె మూతి గానీ మీ చేయి గానీ చన్నుకు తగలగానే ఆ కబురు నరాల మీదుగా మెదడుకు చేరి, హార్మోన్ రక్తంలోకి వస్తుంది. రక్తం ఒళ్ళంతా తిరిగినా పని జరిగేది కొన్నిచోట్లే. సాగర్ ఎడమ కాలువ ఎన్ని పొలాల పక్కనుంచి పోయినా తూమున్న పొలమే తడుస్తుంది కదా! పొదుగులో పాలు తయారయ్యే చిన్న గదులైన పాలగుళ్ళ చుట్టూ ఉండే కండర కణాల మీద ఈ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయి, అవే తూములు. హార్మోన్ అక్కడ అతుక్కోగానే కణం ముడుచుకుని పాలు దిగుతాయి. గర్భసంచికీ ఇవే ఉన్నాయి. అందుకే చూడి పశువుకు ఈ సూది ప్రమాదం.

రోజూ బయటినుంచి పోస్తుంటే ఆ కణాలు స్పందించడం తగ్గిస్తాయి. 1 మి.లీ. 2 అయింది అందుకే. పైగా సూది చూసి బెదిరిన బర్రెలో అడ్రినలిన్ అనే బెదురు హార్మోన్ పెరిగి, సొంత హార్మోన్ పనిని అరగంట దాకా అడ్డుకుంటుంది.

ముందు పొదుగువాపు లేదని తేల్చుకోండి. నాలుగు చన్నుల తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి గడ్డలున్నాయేమో చూడండి. పశువైద్యుడితో పొదుగువాపును పట్టే సి.ఎం.టి. పాల పరీక్ష చేయించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది.

సూది ఒక్కసారిగా మానేస్తే పాలు పొదుగులో నిలిచి వాపు రావచ్చు. డాక్టరు చూసి, లేబుల్ ఉన్న మందుతో 3 రోజులకోసారి అర మి.లీ. చొప్పున తగ్గిస్తూ 12 రోజుల్లో మాన్పించాలి. ఈలోపు రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, పూటకు పూటకు 12 గంటల తేడాతో పిండండి. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, 2 నిమిషాలు మర్దనా చేసి, ముందు అర కిలో దాణా పెట్టండి. బర్రె పొదుగులో చాలావరకు పాలు పైన పాలగుళ్ళలోనే ఉంటాయి, ఆవులా వెంటనే దిగవు. ఓపిక పట్టండి. చేపాక మాత్రం 5-7 నిమిషాల్లో పిండేయాలి, రక్తంలో హార్మోన్ ఎక్కువసేపు నిలవదు. కొట్టంలో అరుపులు, కర్ర, కుక్క వద్దు. ఒంటి పోషణకు 1.5-2 కిలోల దాణా, ప్రతి 2 లీటర్ల పాలకు మరో కిలో, రోజూ 50 గ్రాముల ఖనిజ మిశ్రమం ఇవ్వండి.

దుడ్డె 20 రోజులకే పోయిందంటున్నారు, 10వ రోజున ఏలికపాముల మందు తాగించారా? వచ్చే ఈతలో మరవకండి.

ఇక షాపాయన సంగతి. ఆక్సిటోసిన్ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు. పాల కోసం పశువుకు హాని చేసే సూది వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నేరం. ఆ కేసు పడేది వేసిన మీ మీద. లేబుల్ లేని సీసాలో ఎంత బలముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈసారి వెళ్ళినప్పుడు దానికి బిల్లు ఇమ్మని అడగండి, ఏమంటాడో చూద్దాం.